పరారీ: జాడ తెలియనివారి పేరిట ఒక పద్దు

‘పరారీ’ అరబ్బీ మూలం కల మాట. పారసీకం, ఉర్దూల మీదుగా తెలుగులోనికి వచ్చింది. నేరం మోపబడినవాడు చిక్కకుండా తిరుగుతుంటే ‘పరారీలో ఉన్నాడు’ అంటారు. తిరునాళ్ళలో బిడ్డ కనబడకుంటే ‘తప్పిపోయాడు’ అంటారు. పెద్దవాని జాడ తెలియకుంటే వార్తాపత్రికలు ‘అదృశ్యం’ అని వ్రాస్తాయి. తెలుగును తిరిగి నేర్చుకొంటున్న పాఠకులు ఈ మూడు మాటల నడుమ గల భేదాన్ని గమనింపవలెను. తప్పిపోయినవానిని నలుగురూ వెదకుతారు. పరారీ అయినవానిని పట్టుకొంటారు, పట్టుబడకుంటే పేరు కొట్టివేసి ఊరకుంటారు. తోటలకు వెళ్ళిన మన పూర్వులలో కనబడకుండా పోయినవారు పద్దుపుస్తకాలలో తరచు పరారీ అయినవారుగానే నమోదయ్యారు. ఆ పద్దు ఎలా పుట్టిందో, ఎవరు వ్రాశారో, నేటికీ ఎక్కడ వ్రాయబడుతున్నదో తెలుపుటకు ఈ వ్యాసం ఉద్దేశింపబడినది. దీనికి ఆరంభస్థానంగా తోట ఏదీ లేని ఒక అరబ్బు పట్టణాన్ని తీసుకొంటున్నాము.

ముత్యాల ఊరు

బహ్రెయిన్‌లో ముహర్రఖ్ ద్వీపానికి ఆగ్నేయ కొసన ఉన్న చిన్న పట్టణం హిద్. సముద్రాన్ని పూడ్చి ఏర్పరచిన నేలమీద 1977లో అస్రీ అనే నౌకల మరమ్మతు కేంద్రం, 2009లో ఖలీఫా బిన్ సల్మాన్ రేవు ఇచ్చట పని ప్రారంభించాయి. విద్యుత్తు, మంచినీరు ఉత్పత్తి చేసే కర్మాగారము, పారిశ్రామిక వాడలు కూడ కలవు. వీటన్నిటికీ పూర్వం హిద్ ముత్యాల వేటగాండ్ర ఊరు. పడవ యజమానిని నౌఖదా అనేవారు. వేసవి నెలలలో వేట. వేటకు ముందు కుటుంబ పోషణకై నౌఖదా మునకగానికి బయానా ఇచ్చేవాడు. వేట ముగిసిన తరువాత వాటా లెక్క చూస్తే చాలామందికి అప్పే మిగిలేది. ఆ అప్పు తీరనిదే వేరొక నౌఖదా వద్దకు పోరాదు. పోవలెనంటే ‘బర్వా’ అనే పత్రం కావలెను. అప్పు ఎంత ఉన్నదీ, తీరినదీ అందులో ఉండేది. మునకగాడు మరణిస్తే అప్పు కుమారునికో సోదరునికో సంక్రమించేది. 1920లలో తెచ్చిన సంస్కరణలు ఈ ఆచారాన్ని అరికట్టాయి.

బర్వా లేకుండా ఊరు దాటినవాడు పరారీ అయినట్లే. బహ్రెయిన్‌కు తూర్పున ఉన్న తీరప్రాంతపు షేక్‌లు, పారిపోయిన ఋణగ్రస్తులను పరస్పరం అప్పగించుకొనుటకు ఆంగ్లేయుల సమక్షంలో 1879లో ఒక ఒడంబడిక చేసుకొన్నారు. లియోనిడాస్ అనే ఓడ మొదటి భారతీయ కూలీలను ఫిజీకి చేర్చినది కూడ ఆ సంవత్సరమే. రెండు సంగతులకు సంబంధం లేదు. అయినా సముద్రం ఇరువైపులా ఒకే ఏలుబడి నీడలో, మనిషి కాలికి కాగితం తగిలించే ఏర్పాటు ఒకే కాలంలో సాగినదని గుర్తుంచుకొనదగును.

తోటల పుస్తకాలు

మారిషస్‌కు 1834 నుండి కూలీలు ఒప్పందంపై వెళ్ళారు. కోరంగి మొదలైన తీరపు రేవులనుండి వెళ్ళిన తెలుగువారికి ఆ రేవు పేరే జాతి పేరై నిలిచింది. ఒక దినం పనికి రాకుంటే రెండు దినాల కూలి కోసివేసే నిబంధన అచ్చట ఉండేది. ఒప్పందం ముగిసినవారు సైతం 1867 చట్టం వలన తమ ఛాయాచిత్రం అంటించిన చీటీని వెంట ఉంచుకొనవలసి వచ్చింది. చీటీ లేక రోడ్డుమీద దొరికినవానిని దిమ్మరిగా పట్టి నిర్బంధించేవారు. 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ సహాయంతో 9,401 మంది ఈ విషయమై అర్జీ సమర్పించగా, బ్రిటిష్ ప్రభుత్వం విచారణ సంఘాన్ని నియమించింది.

పని మాని వెళ్ళినవాడు ఎక్కడికి వెళ్ళాడన్న ప్రశ్నకు తోట యజమాని చెప్పినదే సమాధానం. కనబడటం లేదని ఫిర్యాదు చేయగలిగినవాడు అతడొక్కడే. పారిపోయాడని చెప్పుటవలన లాభం పొందేవాడూ అతడే, ఏలననగా బాకీ ఉన్న కూలి ఇక చెల్లింపనక్కరలేదు. దెబ్బలు తిని చెరకుతోటలో పడి మరణించినవాడు, జ్వరంతో దారిలో కూలినవాడు, నిజంగానే మరొక తోటకు వెళ్ళి పేరు మార్చుకొని సుఖంగా జీవించినవాడు, ముగ్గురూ పద్దులో ఒకే మాటగా మారారు. అందుచేత ఆ మాటను చదివినప్పుడు దానిని నేరంగా గాని మరణంగా గాని భావింపక, విచారణ అక్కడ ఆగిపోయినదని మాత్రమే గ్రహించవలెను.

వంశమూలాలను వెదకే పాఠకులకు ఇందులో ఒక ఆశ కూడ ఉన్నది. 1860 నుండి 1911 వరకు నాటల్‌కు వెళ్ళిన 1,52,184 మందికి ఓడ పట్టికలు ఉన్నాయి. వలసదారుని సంఖ్య, తండ్రి పేరు, వయస్సు, కులం, గ్రామం, జిల్లాలతో పాటు శరీరంమీది గుర్తులు కూడ అందులో వ్రాసేవారు. పేర్లను నమ్మరాదు. అప్పన్న, అప్పలస్వామి, సింహాద్రి వంటి పేర్లు గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా మారాయి. రామన్న రామనా అయినాడు, లక్ష్మన్న లచ్‌మనా అయినాడు. సంఖ్య మాత్రం చాలావరకు మారలేదు. పరారీ అని వ్రాసిన తేదీ తరువాత అదే సంఖ్య వివాహ నమోదులోనో, చెరసాల పుస్తకంలోనో, తిరుగు ప్రయాణపు పట్టికలోనో కనబడితే ఆ మనిషి బ్రతికియున్నట్లే. నుదుట మచ్చ, ఎడమచేతి కాలిన గుర్తు వంటి వివరాలు, ఎవరో గుమాస్తా యథాలాపంగా వ్రాసినవి, నూరేండ్ల తరువాత ఇద్దరు రామన్నలను వేరుచేయగలవు.

మరణ రైలుమార్గం

మలయా తెలుగువారి విషయంలో ఆ ఆశ కూడ మిగలలేదు. కంగాణీల వెంట వెళ్ళి పేరాక్, కెడా, జొహోర్ ప్రాంతాల కొబ్బరి, రబ్బరు తోటలలో స్థిరపడినవారు వారు. 1942లో జపాను సైన్యం మలయాను ఆక్రమించుటతో రబ్బరు ఎగుమతి నిలిచిపోయింది. తోటలలో పని లేదు, బియ్యం లేదు. ఆ సమయంలో సయాము నుండి బర్మాకు రైలుమార్గం వేయుటకు కూలీలు కావలెనని పిలుపు వచ్చింది. మూడు నెలలే అన్నారు, మంచి కూలి అన్నారు. చాలినంతమంది రానప్పుడు తోటలనుండి మనుషులను లెక్కకట్టి పంపమన్నారు. ఉచితంగా సినిమా చూపుతామని పిలిచి, తలుపులు మూసి లారీలెక్కించిన సంఘటనలను ఆ తరంవారు పదేపదే చెప్పారు.

బాన్‌పోంగ్ నుండి తన్‌బ్యూజయాత్ వరకు 415 కిలోమీటర్ల ఆ మార్గం 1943 అక్టోబరు 17న కలిసింది. దానిపై 60,000కు పైగా యుద్ధఖైదీ సైనికులు పనిచేయగా 12,000కు పైగా మరణించారు. ఆసియా కూలీల సంఖ్య రెండు లక్షలు లేదా అంతకు కొంచెం అటూఇటూ అని, మరణించినవారు 90,000 వరకు ఉంటారని అంచనా. వారిలో మలయానుండి వెళ్ళినవారు సుమారు 75,000 మంది. 1943 వర్షాకాలంలో కలరా వ్యాపించినప్పుడు సైనికుల శిబిరాలలో, మందులు లేకపోయినా, ఖైదీలలోనే వైద్యులు ఉన్నారు. చాలా కూలీ శిబిరాలలో వైద్యుడే లేడు.

ఇచ్చట ఒక పోలిక తప్పదు. సైనికాధికారులు తమవారి పేరు, దళం, మరణించిన తేదీ, పూడ్చిన చోటు రహస్యంగా వ్రాసి దాచారు. 1945లో యుద్ధం ముగియగానే సమాధుల అన్వేషక బృందం ఆ మార్గం పొడవునా తిరిగి, వందకు పైగా చిన్న శ్మశానాలలోని పదివేలకు పైగా సమాధులను గుర్తించింది. కాంచనబురి, చుంగ్‌కాయ్, తన్‌బ్యూజయాత్‌లలోని యుద్ధ శ్మశానాలలో ఈనాటికీ వరుసలు తీర్చిన రాళ్ళు, పచ్చిక, పేర్లు కనబడతాయి. కాంచనబురిలో ఒక్కచోటనే 6,982 సమాధులున్నాయి. కూలీలకు అట్టి పట్టిక ఏదీ లేదు. యుద్ధానంతరం సమకూర్చిన లెక్కలలో మరణించినవారి గడి పక్కనే పారిపోయినవారి గడి ఉన్నది. అందులోని అంకె వేలలో ఉన్నది. భాష తెలియని అడవి, చుట్టూ వ్యాధి, చేతిలో పైకం లేదు. ఆ వేలమంది ఎక్కడికి పారిపోగలరు? కొందరు సయాము పల్లెలలో ఆశ్రయం పొంది అక్కడే ఉండిపోయారు. తక్కినవారిలో ఎందరు అడవిలోనే రాలిపోయారో ఆ అంకె చెప్పదు.

తెలుగువారికి మరొక చిక్కు కలదు. ఆనాటి సైనికుల జ్ఞాపకాలలో దక్షిణ భారతీయులందరూ ‘తమిళులు’. వారిలో తమిళులే అధికులు కావుట నిజమే గాని, ఆ ఒక్క మాట క్రింద తెలుగువారు, మలయాళీలు కనబడకుండా పోయారు. తప్పిపోయినవారి లెక్కలోనుండి కూడ తప్పిపోవుట అనగా ఇదే.

1990 చివరలో కాంచనబురి వద్ద ఒక చెరకుతోటలో వందలకొలది అస్థిపంజరాలు బయటపడ్డాయి. అవి కూలీలవని భావించారు. ఆ పట్టణంలోని వాట్ తావోర్న్ వరారామ్ అనే బౌద్ధాలయంలో ఆసియా కూలీల అస్థికలను ఉంచిన స్తూపం కలదు. 2023లో అచ్చట తమిళ సంప్రదాయానుసారం ఒక నడుకల్ నిలిపారు. తెలుగులో దీనిని వీరగల్లు అంటాము. యుద్ధానంతర విచారణలలో ఈ మార్గానికి సంబంధించి 111 మందిపై నేరం మోపగా 32 మందికి మరణశిక్ష పడింది. ఆ అభియోగాలు ప్రధానంగా సైనిక ఖైదీల విషయమై జరిగినవి. కూలీల పక్షాన సాక్ష్యం చెప్పుటకు పేర్లు కావలెను గదా.

నేటి హిద్

ఇక హిద్‌కు తిరిగి వద్దాము. 1970ల తరువాత తెలంగాణలోని జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు ప్రాంతాలనుండి, ఆంధ్రలోని గోదావరి జిల్లాలనుండి, కడపనుండి గల్ఫ్‌కు వెళ్ళినవారిలో బహ్రెయిన్ చేరినవారూ కలరు. ఏజెంటు, వీసా, అప్పు, క్యాంపు అనే నాలుగు మాటలలో వారి ప్రయాణం ఇమిడిపోతుంది. అనుమతి పత్రం యజమాని పేరిట ముడివడి ఉంటుంది. పనివాడు క్యాంపు విడిచి వెళితే యజమాని కార్మిక విపణి నియంత్రణ సంస్థకు ‘పని విడిచి వెళ్ళినాడు’ అని తెలుపుతాడు. అనుమతి రద్దవుతుంది. అటుపై అతడు తెలుగు పల్లెల భాషలో ‘ఖల్లివెల్లి’. ‘పోనీ, వదిలేయ్’ అనే అర్థమున్న అరబ్బీ మాటను మనవారు కాగితాలు లేని మనిషికి పేరుగా మార్చుకొన్నారు. అందులోని చేదు హాస్యం ఇంకే భాషకూ చిక్కదని నా అభిప్రాయం.

జీతం రాక వేరే చోట పనికి వెళ్ళినవాడు, చెరసాలలో ఉన్నవాడు, ఆసుపత్రిలో స్పృహ లేక పడియున్నవాడు, సముద్రంలో పడి కొట్టుకొనిపోయినవాడు, నలుగురి విషయంలోనూ ఆ నివేదిక ఒకటే. 2015లో, మరల 2020లో బహ్రెయిన్ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు కాగితాలు లేనివారు బయటకు వచ్చి స్వదేశానికి పోవుటకో, క్రొత్త అనుమతి పొందుటకో అవకాశం కలిగింది. అప్పుడు కూడ రానివారి సంగతి ఎవరు అడుగుతారు? మరణించినట్లు రూఢి అయినా చిక్కులు తీరవు. 2020లో బహ్రెయిన్‌లో మరణించిన ఒక తెలంగాణ కార్మికుని దేహం నాలుగేండ్లకు పైగా శవాగారంలోనే ఉండిపోయినదని పత్రికలు వ్రాశాయి.

ఇంటివారి స్థితి విచిత్రమైనది. మరణ ధ్రువపత్రం లేనిదే వలస కార్మికులకు వర్తించే 10 లక్షల రూపాయల ప్రమాద బీమా గాని, తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే 5 లక్షల రూపాయల సహాయం గాని రావు. భారతదేశపు 1872 సాక్ష్య చట్టం 108వ నిబంధన ప్రకారం, సహజంగా కబురు అందవలసినవారికి ఏడేండ్లపాటు కబురు అందని మనిషి బ్రతికియున్నాడని వాదించేవారే దానిని రుజువు చేయవలెను. 2024లో అమలులోనికి వచ్చిన క్రొత్త చట్టం కూడ ఈ నియమాన్ని నిలుపుకొన్నది. అంతవరకు ఆమె భార్యా కాదు, వితంతువూ కాదు. హైదరాబాదులో నేటికీ ప్రవాసుల సంరక్షకుడు అనే అధికారి కార్యాలయం ఉన్నది. మన పూర్వులు కూలి ఓడలు ఎక్కిన కాలంలో రేవులలో ఉండిన పదవి పేరే అది.

ఇట్టి కుటుంబం మీ ఎరుకలో ఉంటే, తోటల పుస్తకాలు నేర్పిన పనినే ఇక్కడా చేయవలెను. పేరుకన్న సంఖ్యను ముందు పట్టుకొనవలెను. బహ్రెయిన్ నివాసులందరికీ సీపీఆర్ అనే తొమ్మిది అంకెల సంఖ్య ఉంటుంది. అది, పాస్‌పోర్టు సంఖ్య, కంపెనీ వాణిజ్య నమోదు సంఖ్య, ఈ మూడింటిని జత చేసి భారత విదేశాంగ శాఖవారి మదద్ అనే ఫిర్యాదుల వేదికలోను, మనామాలోని రాయబార కార్యాలయంలోను అర్జీ ఇవ్వాలి. ఆ అర్జీలో చెరసాల, ఆసుపత్రి, శవాగారం, తరలింపు కేంద్రం అనే నాలుగు చోట్లా విచారించమని విడివిడిగా అడగాలి. స్వగ్రామపు పోలీసు ఠాణాలో ‘అదృశ్యం’ కింద ఫిర్యాదు నమోదు చేయించి రసీదు పుచ్చుకోవాలి. శరీరంమీది మచ్చలను కూడ అందులో వ్రాయించాలి. చివరిసారి ఫోను వచ్చిన తేదీని, ఆ ఫోను సంఖ్యను కాగితంమీద పెట్టి భద్రపరచాలి. ఏడేండ్ల లెక్కకు ఆ తేదీయే ఆధారం.