పదవ గ్రెగరీ పోపు

పదవ గ్రెగరీ (సుమారు 1210–1276): 1271 నుంచి మరణించేదాకా కాథలిక్ సంఘానికి పోపు. అసలు పేరు తెబాల్దో విస్కోంతి. పుట్టింది ఇటలీలోని పియచెంజాలో.

1268 నవంబరులో నాలుగవ క్లెమెంట్ పోపు చనిపోయాక విటెర్బోలో చేరిన కార్డినళ్లు దాదాపు మూడేళ్లు ఏకాభిప్రాయానికి రాలేదు. విసిగిన ఊరివాళ్లు వారిని ఒక భవనంలో పెట్టి తలుపులు మూసేశారు. చివరికి 1271 సెప్టెంబరు 1న ఆరుగురి ఉపసంఘం గ్రెగరీని ఎన్నుకుంది. అప్పటికాయన కార్డినల్ కాదు, పాలస్తీనాలోని ఏకర్‌లో ఉన్నారు.

అక్కడే ఆయన పోలో కుటుంబానికి కుబ్లాయ్ ఖాన్ పేర లేఖలిచ్చి, తోడుగా ఇద్దరు డొమినికన్ సన్యాసులను పంపారు. సన్యాసులు భయపడి దారిలోనే వెనుదిరిగారు. మార్కో పోలో సాగిపోయాడు. అతని యాత్రాగ్రంథంలో కనిపించే ‘ముత్ఫిలి’ నేటి బాపట్ల జిల్లా మోటుపల్లి అనీ, అక్కడ అతను మెచ్చుకున్న వితంతు రాణి కాకతి రుద్రమదేవి అనీ చరిత్రకారుల గుర్తింపు. పోపు చరిత్రకు తెలుగు నేలతో ఇంత దగ్గర చుట్టరికం మరొకటి అరుదు.

1274లో రెండవ లియాన్ మహాసభలో గ్రెగరీ ఎన్నిక నియమాలు తెచ్చారు. కార్డినళ్లను లోపలే ఉంచాలి. మూడు రోజుల్లో తేల్చకపోతే పూటకు ఒక్క వంటకమే, మరో ఐదు రోజులు దాటితే రొట్టె, నీళ్లు, ద్రాక్షసారా మాత్రమే. కార్డినళ్లకు ఇది రుచించలేదు. 1276లోనే ఐదవ ఏడ్రియన్ వీటిని నిలిపివేయగా, 1294లో ఐదవ సెలెస్టిన్ పునరుద్ధరించారు.

గ్రెగరీ 1276 జనవరి 10న అరెజ్జోలో మరణించారు. తిండి కోతలు పోయినా తలుపులు మూసే పద్ధతి మిగిలింది: 2025 మే నెలలో పద్నాలుగవ లియోను ఎన్నుకున్న కాన్‌క్లేవ్‌లో హైదరాబాద్ ఆర్చిబిషప్, తొలి తెలుగు కార్డినల్ పూల ఆంథోనీ కూడా ఓటు వేశారు.