దుకాణం వెనుక గదిలో ఓటు చదువు

1957 జనవరి 7 రాత్రి అమెరికాలోని దక్షిణ కరోలినా తీరంలో, జాన్స్ ఐలండ్ అనే దీవిలో, ఒక సహకార దుకాణం వెనుక గదిలో 14 మంది నల్లజాతి పెద్దలు చదువుకు కూర్చున్నారు. ముందు సరుకులు అమ్ముతుంటే వెనుక బడి జరుగుతోందని తెల్లజాతీయులకు అనుమానం రాదు. అంత జాగ్రత్త ఎందుకంటే ఆ చదువు ఓటు కోసం. అప్పట్లో రాష్ట్ర రాజ్యాంగంలోని ఏదో ఒక భాగాన్ని చదివి రాయగలగాలి, లేదా 300 డాలర్ల విలువైన ఆస్తి ఉండాలి. అప్పుడే ఓటరుగా పేరు నమోదయ్యేది. దీవి నుంచి చార్లెస్టన్‌కు బస్సు నడిపే ఈసా జెంకిన్స్ ప్రయాణికులకు ఆ భాగాలను దారిలోనే నేర్పేవారు. అలా కంఠతా పట్టిన ఆలిస్ వైన్ అనే ఆమె, తనకు నిజంగా చదవడమే రావాలని అడిగింది. బడికి బీజం ఆ కోరికే.

పౌరవిద్య అంటే రాజ్యాంగ పాఠం చెప్పడమేనన్న నమ్మకాన్ని ఈ బడి చరిత్ర నిలవనివ్వదు. అదే దీవిలో అంతకుముందు నడిచిన వయోజన తరగతులు పెద్దవాళ్లను పసిపిల్లల కుర్చీల్లో ఇరికించి కూర్చోబెట్టాయి, జనం మానేశారు. కొత్త బడిలో పాఠాలు చెప్పిన బెర్నీస్ రాబిన్సన్ బ్యూటీ పార్లర్ నడుపుకుంటూ బట్టలు కుట్టేవారు. తాను టీచర్‌ని కాదని, కలిసి నేర్చుకుందామని మొదటి రోజే చెప్పారు. పొలంలో ఏం చేశారో వాళ్ల నోటితోనే చెప్పించి, రాసిపెట్టి, దాన్నే వాచకం చేశారు. ఆఫ్రికా మూలాలున్న గల్లా భాష మాట్లాడే మనుషులకు తమ మాట అక్షరాల్లో కనబడడం చిన్న విషయం కాదు. లెక్కలకు కిరాణా ప్రకటనల ధరలు, రాతకు మనియార్డరు ఫారాలు, తమ సంతకాలు. గోడ మీద ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన.

శిక్షణ లేనివారి చేతిలో చదువు పలచబడుతుందని ఎవరైనా అనవచ్చు. కానీ రాబిన్సన్ వెనుక నిలిచిన సెప్టిమా క్లార్క్‌ది 40 ఏళ్ల అధ్యాపక అనుభవం. నల్లజాతి హక్కుల సంఘం ఎన్.ఏ.ఏ.సి.పి. సభ్యత్వం వదులుకోనందుకు 1956లో ఉద్యోగం పోగొట్టుకుని, టెనెసీలో మైల్స్ హార్టన్ నడిపే హైలాండర్ ఫోక్ స్కూల్‌లో చేరారామె. పెద్దవాళ్ల ముందు పెత్తనం చేయని మనిషి కావాలనే, తెల్లజాతి యజమాని తీసేయలేని జీవనోపాధి ఉన్న మనిషి కావాలనే రాబిన్సన్‌ను ఎంచుకున్నారు. ఇది శిక్షణను తక్కువ చేయడం కాదు, దాన్ని సరైన చోట ఉంచడం.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఒకటుంది: అన్యాయమైన పరీక్షకు జనాన్ని సిద్ధం చేయడమంటే దాన్ని ఒప్పుకోవడమే కదా, పైగా 1965 ఓటు హక్కుల చట్టం ఆ పరీక్షలనే ఆపేసింది కదా అని. మొదటి మాటలో నిజముంది. అయితే కడుపులో చల్ల కదలకుండా ఎదురుచూస్తే వచ్చిన చట్టం కాదది. 1961లో టెనెసీ ప్రభుత్వం హైలాండర్‌ను మూయించినప్పుడు అది నడిపిన ఈ బడి కార్యక్రమం మార్టిన్ లూథర్ కింగ్ సంస్థ చేతికి వెళ్లింది. జార్జియాలోని డార్చెస్టర్ కేంద్రంలో దక్షిణాది పల్లెల నుంచి వచ్చినవారు శిక్షణ పొంది, ఊళ్లకు తిరిగి వెళ్లి ఇలాంటి బడులే తెరిచారు. చట్టం కోసం వీధిలోకి వచ్చినవారిలో ఆ బడుల మనుషులున్నారు. పరీక్ష పోయాక కూడా నమోదు కార్యాలయం దాకా నడిచేందుకు ధైర్యం కావాలి, పక్కన తోడు కావాలి. ఆ రెండూ ఏ చట్టమూ రాసిపెట్టలేనివి. ఒకప్పుడు టీచర్ ఉద్యోగం పోగొట్టుకున్న క్లార్క్ 1975లో చార్లెస్టన్ కౌంటీ విద్యా మండలికి ఎన్నికయ్యారు.