బొలియెరిడే: రౌండ్ ఐలాండ్ పాములు

బొలియెరిడే కుటుంబపు పాముల్లో రెండే జాతులు. రెండూ మారిషస్‌వే. ఒకప్పుడు ఈ పాములు మారిషస్ ప్రధాన ద్వీపంలోనూ తిరిగేవని అక్కడ దొరికిన ఎముకలు చెబుతున్నాయి. ఓడల్లో వచ్చిన ఎలుకల ధాటికి అక్కడ నశించాయి. చివరికి ఉత్తరాన సుమారు 22 కిలోమీటర్ల దూరంలో ఉన్న రౌండ్ ఐలాండ్‌లోనే మిగిలాయి. సుమారు రెండు చదరపు కిలోమీటర్ల ఆ అగ్నిపర్వత ద్వీపంలోకి ఎలుకలు చేరకపోవడమే వీటిని కాపాడింది.

వీటి విశిష్టత పై దవడలో ఉంది. రెండు వైపులా దవడ ఎముక ముందు, వెనుక ముక్కలుగా విడిపోయి, మధ్యలో కీలుతో కదులుతుంది. బతికున్న మరే సరీసృపంలోనూ ఇలాంటి అమరిక లేదు. వీటి ఆహారం నలికిరులు, బల్లులు. నలికిరి ఒళ్లు గట్టిగా, నున్నగా ఉండి పట్టు జారిపోతుంది; వంగే దవడ దాని చుట్టూ బిగుసుకుంటుంది. కసేరియా డుస్సుమియెరి అనే జాతికి ప్రతి పొలుసు నడుమా చిన్న గట్టు ఉంటుంది. ఒంటి రంగు పగటికీ రాత్రికీ మారుతుంది. చాలా బోవా పాములు పిల్లల్ని కంటే, ఇది గుడ్లు పెడుతుంది.

ఎలుకలు రాని చోటికి మనుషులు 19వ శతాబ్దంలో మేకల్నీ కుందేళ్లనూ తెచ్చి వదిలారు. అవి తాటిజాతి చెట్ల మొలకల్ని కూడా మిగల్చలేదు. వేళ్ల పట్టు పోయిన మట్టి వానలకు సముద్రంలోకి కొట్టుకుపోయి రాయి తేలింది. మట్టిలో దూరి బతికేదని భావిస్తున్న రెండో జాతి, బొలియేరియా మల్టోకారినాటా, 1975 తర్వాత ఎవరికీ కనిపించలేదు. అంతరించినట్టే లెక్క.

కసేరియా బతికి బట్టకట్టింది. 1970ల్లో వన్యప్రాణి సంరక్షకుడు జెరాల్డ్ డరెల్ బృందం కొన్ని పాముల్ని జెర్సీ ద్వీపానికి తీసుకెళ్లి, అక్కడ వాటి సంతతిని పెంచింది. రౌండ్ ఐలాండ్‌లో 1970ల చివరికి మేకల్నీ, 1986లో కుందేళ్లనూ పూర్తిగా తొలగించారు. అసలు మేలు చేసింది ఈ పనే: చెట్లు తిరిగి లేచాయి, బల్లులు పెరిగాయి, వాటితోపాటే పాములూ పెరిగాయి. 2012లో, ఎలుకల్ని ముందే నిర్మూలించిన, మారిషస్‌కే చెందిన గన్నర్స్ కోయిన్ ద్వీపంలో కొన్ని కసేరియాలను వదిలారు. దాంతో ఈ కుటుంబానికి రెండో ఇల్లు ఏర్పడింది.