గాలికి తగ్గ డీజిల్

టర్బో అనగానే అందరికీ గుర్తొచ్చేది పికప్. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా చిత్తూరు పోయే రోడ్డు ఒకప్పుడు 18వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 40. సుమోల కాలం నుంచి ఇన్నోవాల కాలం దాకా ఆ రోడ్డు మీద పెరిగిన వేగాన్నంతా జనం టర్బో ఖాతాలో రాసేస్తారు. అది సగం నిజమే. డీజిల్ ఇంజన్‌కు బలం నూనెలో ఉంది. టర్బో గాలి ఎంత ఎక్కించినా దానికి తగ్గ డీజిల్ పడకపోతే బండి లాగదు. అందుకే ఇక్కడి మోటారు చరిత్రను టర్బో వచ్చిన ఏడాదితో మొదలుపెడితే లెక్క తప్పుతుంది. డీజిల్‌ను కొలిచే చెయ్యి ఎవరిదో చూడాలి.

చాలాకాలం ఆ చెయ్యి, ఇంజన్ డీజిల్ పంపులు బాగుచేసే పంపు షాపుది. 1951లో బెంగళూరులో ఆ పంపులు చేసే మైకో కంపెనీ మొదలైంది. ఆ తర్వాత లారీకి, ట్రాక్టరుకు ‘మైకో పంపు’ అన్నది ఇంటిపేరులా అంటుకుంది. ఇంజన్ నుంచి విప్పిన పంపును టెస్ట్ బెంచి మీద బిగించి తిప్పితే, ఒక్కో ఇంజెక్టర్ చిమ్మిన నూనె గీతలున్న ఒక్కో గాజు గొట్టంలోకి దిగుతుంది. అన్ని గొట్టాల్లోనూ మట్టం ఒకే గీత దగ్గర నిలవాలి. ఒకదాంట్లో తగ్గితే ఆ సిలిండర్ నీరసిస్తుంది, ఎక్కువైతే పొగ కక్కుతుంది. ఆ హెచ్చుతగ్గులు సరిచేసి, స్క్రూకు సీలు వేసి పంపితేనే పని అయినట్టు.

ఇక టర్బో సంగతి. 1994లో వచ్చిన టాటా సుమోకు మొదట్లో టర్బో లేదు. 1998 సఫారీ టర్బోతోనే దిగింది. కిలో డీజిల్ పూర్తిగా కాలాలంటే దాదాపు 14.5 కిలోల గాలి కావాలి. టర్బో తెచ్చేది ఆ గాలినే. అయితే టర్బో ఊపందుకోకముందే డీజిల్ ఎక్కువ పడితే నల్లపొగ తప్పదు. అందుకని కొన్ని టర్బో ఇంజన్ల పంపుల నెత్తిన పలచని డయాఫ్రం పెట్టారు. గాలి ఒత్తిడి పెరిగి అది కిందికి నొక్కుకుంటేనే పంపు అదనపు డీజిల్ వదులుతుంది. మే నెలలో 44, 45 డిగ్రీలు కాసే నంద్యాలలో ఇంకో చిక్కు: వేడిగాలి పలచబడుతుంది, ఇంటర్‌కూలర్ దాన్ని చల్లార్చాలి. అదీ చాలకపోతే మళ్లీ డీజిలే తగ్గించుకోవాలి.

సీలు తెంపి స్క్రూ తిప్పి, గిద్దలూరు ఘాట్ ఎక్కడానికి ‘పవర్’ పెంచినవాళ్లు లేరా అని అడగొచ్చు. ఈ పని దేశమంతటా ఉన్నదే. గాలి పెరగకుండా నూనె పెంచితే పొగ పెరుగుతుంది, ఎగ్జాస్ట్ కాగిపోతుంది, చివరికి పిస్టన్ కరుగుతుంది. కానీ ఆ తప్పును కొలత విద్య మీద రుద్దకూడదు. గొట్టాల్లో మట్టం సమం చేయడం వేరు, సీలు తెంపడం వేరు.

కంప్యూటర్ రాగానే ఈ విద్య పోయిందన్నది రెండో మాట. దీన్ని తేలిగ్గా కొట్టేయలేం. 2002లో హ్యుందాయ్ యాక్సెంట్, 2005లో ఇన్నోవా కామన్ రైలుతో, అంటే ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే పద్ధతితో వచ్చాయి. పాత నాజిల్ 200 బార్ అటూఇటూగా తెరుచుకునేది. కామన్ రైల్లో ఒత్తిడి వెయ్యి బార్ దాటింది. కొలత ఇంజన్ కంప్యూటర్ అయిన ఈసీయూ చేతికి పోయింది. చాలా బండ్లలో కొత్త ఇంజెక్టర్ వేస్తే దాని మీది కోడ్‌ను ఈసీయూకు ఎక్కించాలి. స్క్రూ తిప్పే చేతికి అక్కడ పని లేదు. అయినా కొలత మాయం కాలేదు, నిజానికి మరింత సన్నబడింది. అప్పట్లో పొగతో పోయిన మురికి డీజిల్ ఇప్పుడు ఇంజెక్టర్‌నే తినేస్తుంది. డీజిల్‌తో పాటు వచ్చిన నీళ్లు ఫిల్టర్ అడుగున చేరతాయి. చాలా బండ్లలో అక్కడి చిన్న మర విప్పి ఆ నీళ్లు వదలడం ఇప్పటికీ చేత్తో చేసే పనే.