అడవి మీద రెండు సర్కార్లు, ఒక గ్రామసభ



ఆలూర్, ఆర్మూర్ చుట్టుపక్కల పుట్టి పెరిగిన మనకు రెండు సర్కార్ల సంగతి కొత్తేమీ కాదు. మన పసుపు కొమ్ము అమ్ముడుపోయే నిజామాబాద్ మార్కెట్ యార్డు రాష్ట్రం కింద నడుస్తుంది. 2025 జనవరిలో అదే నిజామాబాద్ కేంద్రంగా మొదలైన జాతీయ పసుపు బోర్డు కేంద్రానిది. పంట ఒక్కటే, దాని మీద ఇద్దరికీ అధికారం ఉంది. అడవి కథ కూడా ఇలాంటిదే. కాకపోతే పసుపు రైతు తన పంటకు తాను యజమాని. అడవిలో బతికిన మన పెద్దలను మాత్రం చాలాకాలం పాటు ఎవరూ ఏమీ అడగలేదు. ఆ చరిత్రను ఈ సంచికలో క్లుప్తంగా చెప్పుకుందాం.

నిజాం కాలంలో అడవికి ఒక్కడే దొర. సర్కారు హద్దురాళ్లు పాతి, ఇది రిజర్వు అడవి అంటే అంతే. గోదావరి అవతల ఆదిలాబాద్ అడవుల్లో గోండు, కోలాం గూడేలను జంగ్లాత్ వాళ్లు ఖాళీ చేయించారు. పశువుల మేతకు పన్ను, కట్టెకు పన్ను వేశారు. దాని మీద తిరగబడిన కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణాలు విడిచాడు. ఆ పోరు తర్వాతే నిజాం సర్కారు మేల్కొని, మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్‌తో ఆ ప్రాంతాన్ని పరిశీలింపజేసింది. కొందరు ఆదివాసులకు భూమి పట్టాలు అందాయి. అడవి మీద మాట్లాడే హక్కు మనకు ఎవరో దయతలచి ఇచ్చింది కాదని ఈ ఒక్క సంగతే చెబుతుంది.

1950లో రాజ్యాంగం వచ్చినప్పుడు అడవులను, అడవి జంతువులను రాష్ట్రాల జాబితాలో పెట్టారు. అందుకే 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం చేయడానికి పార్లమెంటు నేరుగా పూనుకోలేకపోయింది. ఆంధ్రప్రదేశ్ సహా కొన్ని రాష్ట్రాల శాసనసభలు తీర్మానాలు చేసి కోరిన తర్వాతే ఆ చట్టం వచ్చింది. ఎమర్జెన్సీ రోజుల్లో, 1976లో చేసిన 42వ సవరణ ఈ లెక్కను మార్చేసింది. చదువుతో పాటు అడవులు, వన్యప్రాణులు ఉమ్మడి జాబితాలోకి వెళ్లాయి. అంటే ఇద్దరూ చట్టాలు చేయవచ్చు. రెండింటికీ పొత్తు కుదరకపోతే, సాధారణంగా కేంద్ర చట్టానిదే పైచేయి.

1980లో అటవీ సంరక్షణ చట్టం వచ్చింది. అప్పటి నుంచి అడవి భూమిని గనికో, ప్రాజెక్టుకో, రోడ్డుకో మళ్లించాలంటే రాష్ట్రం ముందుగా కేంద్రం అనుమతి తీసుకోవాలి. ఇప్పుడు పని ఎలా పంచుకున్నారో చూడండి. భూమి రాష్ట్రానిది. బీట్ ఆఫీసరు రాష్ట్ర ఉద్యోగి. ఆయన కేసు పెట్టేది మాత్రం చాలాసార్లు కేంద్ర చట్టం కింద. పులుల అభయారణ్యాన్ని ప్రకటించేది రాష్ట్రం, దానికి సిఫారసు చేసేది ఢిల్లీలోని జాతీయ పులుల సంరక్షణ సంస్థ. 2012లో కవ్వాల్ పులుల అభయారణ్యం అయింది ఈ దారిలోనే.

ఇందులో న్యాయమైన కారణం లేకపోలేదు. మహారాష్ట్రలోని తాడోబా నుంచి బయలుదేరిన పులికి రాష్ట్రాల సరిహద్దు తెలియదు. అది నడిచే దారిని కాపాడాలంటే రాష్ట్రాల పైన ఒకరు ఉండాలి. పులి మీద మనకు పగ లేదు. మన పెద్దలు అడవిలో పులితో పాటే బతికారు. మన ప్రశ్న ఒక్కటే. ఇద్దరు సర్కార్లు కూర్చుని మాట్లాడుకునే చోట మూడో పీట ఎవరికి?

ఈ ప్రశ్న మనదొక్కటే కాదు. అమెరికాలో యోసెమిటీ లోయను 1864లో కేంద్ర ప్రభుత్వం కాలిఫోర్నియా రాష్ట్రానికి అప్పగించింది. చుట్టూ ఉన్న అడవిని 1890లో జాతీయ పార్కు చేసింది. లోయ రాష్ట్రానిది, చుట్టూ ఉన్నది కేంద్రానిది కావడంతో చిక్కులు వచ్చాయి. చివరికి 1906లో లోయ మళ్లీ కేంద్రం చేతికి వెళ్లింది. ఆ లోయలో తరతరాలుగా ఉన్న అహ్వాహ్నీచీ ప్రజలకు ఈ చేతులు మారడంలో చోటు దొరకలేదు. 1969 నాటికి అక్కడ వాళ్ల చివరి పల్లె కూడా మిగల్లేదు.

మన దేశంలో ఆ మూడో పీట వేసింది 2006 అటవీ హక్కుల చట్టం. ఇదీ పార్లమెంటు చేసినదే, కానీ అధికారాన్ని గ్రామసభ దగ్గర మొదలుపెట్టింది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అడవి భూమిని సాగుచేసుకుంటున్న గిరిజన కుటుంబానికి నాలుగు హెక్టార్ల వరకు హక్కు ఉంటుంది. దరఖాస్తు తీసుకుని విచారించేది గ్రామసభ. తర్వాత డివిజన్ కమిటీ, ఆపైన కలెక్టరు అధ్యక్షతన జిల్లా కమిటీ. పరిశీలన పూర్తయ్యేవరకు ఖాళీ చేయించకూడదు. 2023లో మన రాష్ట్రంలో సుమారు లక్షన్నర మందికి నాలుగు లక్షలకు పైగా ఎకరాల పోడు పట్టాలు అందింది ఈ చట్టం కిందే. 2013లో ఒడిశాలోని నియమగిరి కొండల మీద గని తవ్వకం గురించి గ్రామసభలే తేల్చాలని సుప్రీంకోర్టు చెప్పింది. పన్నెండు గ్రామసభలు పెడితే పన్నెండూ వద్దన్నాయి.

ఇటీవల మన పక్కనే జరిగింది గుర్తు చేసుకుందాం. 2025 మే 30న రాష్ట్ర ప్రభుత్వం 49వ నంబరు జీవో ఇచ్చింది. కవ్వాల్, తాడోబాలను కలిపే పులుల దారిని కుమ్రం భీం పేరుతో కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించింది. వన్యప్రాణి చట్టం ప్రకారమే అలాంటి ప్రకటనకు ముందు స్థానిక ప్రజలను సంప్రదించాలి. మా మాట ఎప్పుడు అడిగారని ఆదివాసులు రోడ్డెక్కారు. జూలై 21న ప్రభుత్వం ఆ జీవోను నిలిపివేసింది. రద్దు చేయడం వేరు, నిలిపివేయడం వేరు. ఈ తేడాను మన యువత గుర్తుపెట్టుకోవాలి.

ఇక మన నిజామాబాద్ జిల్లా సంగతి. చాలామందికి తెలియని విషయం ఒకటుంది. మన జిల్లా రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద ప్రకటించిన ప్రాంతం కాదు. కాబట్టి ఉట్నూరు, ఆసిఫాబాద్ ఏజెన్సీ గ్రామాలకు ఉన్న 1996 నాటి పెసా చట్టం, భూ బదలాయింపు నిబంధనలు మన తండాలకు, గూడేలకు వర్తించవు. అటవీ హక్కుల చట్టానికి మాత్రం ఆ గీత లేదు. అడవి ఉన్నచోటల్లా అది వర్తిస్తుంది. మనకున్న బలమైన ఆసరా అదే. దాన్ని ఏజెన్సీ చట్టమని పొరబడి వదిలేస్తే నష్టం మనకే.

అందుకే మేము కోరేది పెద్ద పని కాదు. మీ ఊరి అటవీ హక్కుల కమిటీలో ఎవరున్నారో కనుక్కోండి. అందులో కనీసం మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి, ఉన్నారో లేదో చూడండి. గ్రామసభ తీర్మానం రాసేటప్పుడు పక్కన కూర్చుని చదవండి, తప్పుంటే చెప్పండి, నకలు దాచండి. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి, అప్పీలు గడువు దాటనివ్వకండి.

మన తాతల కాలంలో హద్దురాయి ఎక్కడ పాతారో వాళ్లకు చదవడం రాలేదు. మనకు చదువు వచ్చింది. ఆ రెండు సర్కార్లు రాసుకున్న కాగితాలను చదివి, మూడో పీట మీద కూర్చోవలసింది మనమే.