దూబగుంట వార్త

పత్రికలలో తమ పేరు పడవలెనని ధనికులు విందులు చేయుటయు, సంస్థలు జీతమిచ్చి ప్రచారోద్యోగులను పెట్టుకొనుటయు మన మెఱుగుదుము. విలేకరికి కాఫీ యైన నీయజాలని కూలిస్త్రీలు నెలల తరబడి పత్రికల పుటల నాక్రమించిన వృత్తాంతము మన ప్రాంతముననే జరిగినది.

1991 లో నెల్లూరు జిల్లాలో అక్షరదీప మను సాక్షరతోద్యమ మారంభమయ్యెను. రాత్రిబడుల వాచకమున సీతమ్మ కథ యుండెను; అది త్రాగుబోతు భర్తవలన కడగండ్లు పడిన యిల్లాలి కథ. కలిగిరి దాపుననున్న దూబగుంట స్త్రీలు దానిని చదివి, ఇది మా యింటి కథయే యనుకొనిరి. రోశమ్మ మొదలగువారు పూనుకొని తమ యూరి సారా దుకాణమును మూయించిరి. అంతట వారి వృత్తాంతమే "ఆడవాళ్లు ఏకమైతే" అను పాఠమై తరువాతి వాచకమున కెక్కెను. ఇతర గ్రామముల స్త్రీలు దానిని చదివి తామును దుకాణములమీదికి నడచిరి. పత్రికలు విస్తారముగ వ్రాయకమునుపే వార్త యొక బడిపుస్తకమున అచ్చగుట మాకు మిక్కిలి వింతగా తోచుచున్నది. ఏ ప్రచారోద్యోగి యిట్టి యుపాయము పన్నగలడు?

ఈనాడు పత్రిక 1982 నుండి తిరుపతిలోను అచ్చగుచుండెను. 1989 లో జిల్లాకొక యనుబంధ మేర్పడుటచే పల్లె సంగతులకు చోటు దొరకెను. 1992 శరత్కాలమున ఆ పత్రిక సారా వ్యతిరేక వార్తలకు ప్రతిదినము ప్రత్యేకముగ స్థలమొసగెను. స్త్రీలు వినతిపత్రములు వ్రాయుచు కూర్చుండలేదు. సారా పొట్లములను తగులబెట్టిరి, వేలముల నడ్డగించిరి. వ్రాయువానికి ఊరును, పేరును, జరిగిన పనియు మూడును దొరకెను. ఒక యూరి వార్త మఱియొక యూరిని లేపెను. అది తిరిగి వార్తయయ్యెను. ఈ విధముగ ఉద్యమము చిత్తూరు మొదలగు జిల్లాలకు ప్రాకెను.

పత్రికాధిపతికి నాటి కాంగ్రెసు ప్రభుత్వముతో పొసగదనియు, ఈ వార్తలవలన పత్రికకు గిరాకి పెరిగెననియు కొందఱందురు. మేము కాదనము. కాని పత్రిక సంకల్పమెట్టిదైనను, దుకాణము నెదుట నిలిచి దెబ్బలకు సిద్ధపడినవారు స్త్రీలే. 1991–92 లో ఆబ్కారీ రాబడి 800 కోట్ల రూపాయలను మించియుండెను. అంత ధనమును వదలుకొనుమని ప్రభుత్వము నడుగుట సామాన్యమా?

1993 ఏప్రిలు 15న నెల్లూరు జిల్లాలోను, అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారా నిషిద్ధమయ్యెను. 1995 జనవరి 16న ఎన్.టి.రామారావు ప్రభుత్వము సంపూర్ణ మద్యనిషేధము నమలుపఱచెను. 1997 లో అది సడలింపబడెను, సారా నిషేధము మాత్రము మిగిలెను. 2016 లో రోశమ్మ మరణించినప్పుడు పత్రికలు దూబగుంట కథను మరల చెప్పినవి.