ఆడ విత్తనం: మొక్కల లింగ నియంత్రణ చరిత్ర

మొలిచిన ప్రతి మొక్కా, లేదా దాదాపు ప్రతి మొక్కా ఆడదే అయ్యేలా తయారుచేసిన విత్తనాన్ని ఆడ విత్తనం అంటారు. కీరదోస, గంజాయి దీనికి బాగా తెలిసిన ఉదాహరణలు. పూలు పూసే మొక్కల్లో ఎక్కువ భాగం కేసరాలనూ అండాశయాన్నీ ఒకే పువ్వులో మోస్తాయి. ఆడ, మగ వేర్వేరు మొక్కలుగా విడిపోయిన జాతులు 5–6 శాతానికి మించవు. తాడి, ఖర్జూరం, బోడకాకర, దొండ, గంజాయి ఈ కోవకు చెందినవే. పోతుతాడు కాయ కాయదని తెలంగాణ పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. దొండ వేసే రైతు ఆడతీగ ముక్కలే నాటి ఆ చిక్కు లేకుండా చేసుకుంటాడు. అదే ఫలితాన్ని విత్తనంతో సాధించడానికి ముందు, మొక్కలో ఆడదేదో మగదేదో ఎలా తేలుతుందన్న సంగతి బోధపడాలి. అందుకు శతాబ్దాలు పట్టింది.

మగ ఖర్జూరపు పూగెలలను ఆడచెట్ల మీద దులిపితే కాపు నిలుస్తుందని మెసొపొటేమియా రైతులకు వేల ఏళ్ల కిందటే తెలుసు. క్రీ.పూ. 4వ శతాబ్దపు గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ ఆ పద్ధతిని గ్రంథస్థం చేశాడు. అయితే మొక్కల్లో లింగభేదం ఉందని ప్రయోగాలతో నిరూపించిన ఘనత జర్మనీలోని ట్యూబింగెన్ వృక్షశాస్త్రవేత్త రుడాల్ఫ్ కమెరారియస్‌ది. ఆముదంలో మగపూలను మొగ్గలోనే తుంచేస్తే కాయల్లో గింజ పట్టలేదు. మొక్కజొన్న కండె పీచు కత్తిరించినా అంతే. 1694లో ఆయన ఈ ఫలితాలను ఒక లేఖారూప గ్రంథంగా ప్రకటించాడు.

ఆ గ్రంథంలో ఆయనను ఇబ్బంది పెట్టిన మొక్కల్లో గంజాయి ఒకటి. మగమొక్కలకు దూరంగా ఉంచిన ఆడమొక్కలు కూడా కొన్ని గింజలు కట్టాయి. తన వాదానికి అడ్డొచ్చే ఆ సంగతిని కమెరారియస్ దాచలేదు, ఉన్నదున్నట్టు రాశాడు. 18వ శతాబ్దంలో ఇటలీ శాస్త్రవేత్త స్పల్లంజానీకీ ఇదే ఎదురైంది. పుప్పొడి లేకుండానే విత్తనం పుట్టగలదని ఆయన అనుకున్నాడు. ఆడ గంజాయి మొక్క ఒక్కోసారి తనంతట తాను కొన్ని మగపూలు పూస్తుందన్నది అసలు సమాధానం. ఆడ విత్తనాల కథ అంతా ఆ గుప్పెడు మగపూలలోనే ఉంది.

మగమొక్కను ఏరివేసే నేర్పు మాత్రం ఈ శాస్త్రంతో పనిలేకుండానే బెంగాల్ పొలాల్లో పెరిగింది. మత్తునిచ్చే జిగురు ప్రధానంగా ఆడ పూగుత్తుల మీద పడుతుంది. గింజ కట్టిన గుత్తిలో దాని పాలు తగ్గుతుంది. అందుకే ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న నౌగావ్ ప్రాంతంలో, బ్రిటిష్ ప్రభుత్వ లైసెన్సులతో సాగిన గంజాయి పొలాలకు పొద్దార్లనే నిపుణులను పిలిపించేవారు. పూత విచ్చుకోకముందే వారు సాళ్ల వెంట తిరిగి మగమొక్కలను పసిగట్టి నరికేవారు. 1893–94 నాటి భారత గంజాయి విచారణ సంఘం నివేదికలో ఈ పని వివరంగా నమోదైంది. ఒక్క మగమొక్క తప్పించుకున్నా గాలికి ఎగిరే పుప్పొడి చుట్టుపక్కల పంటను గింజపాలు చేస్తుంది. రైతులు వారికి కూలి ఇచ్చి మరీ పిలిపించుకున్నది అందుకే.

ఐరోపాలో సమస్య వేరు. అక్కడ ఈ మొక్కను నార కోసం పండించేవారు. మగమొక్కలు ఆడవాటికంటే కొన్ని వారాల ముందే పూసి ఎండిపోవడంతో ఒకే పొలాన్ని రెండుసార్లు కోయాల్సి వచ్చేది. దీంతో సోవియట్ ఉక్రెయిన్‌లో గ్రిష్కో, జర్మనీలో ఫోన్ జెంగ్‌బుష్ వంటివారు ఒకే మొక్కపై రెండు రకాల పూలూ ఉండే రకాలను ఎంపిక చేశారు. హంగరీలో ఇవాన్ బోచా ఇంకో అడుగు వేశాడు. ఆడమొక్కలను అలాంటి రకపు పుప్పొడితో సంకరించి, దాదాపు అన్నీ ఆడవే వచ్చే యునికో-బి అనే నార రకాన్ని రూపొందించాడు.

ఇది ఎందుకు సాధ్యమైందో క్రోమోజోములు చెబుతాయి. పూలమొక్కల్లో లింగ క్రోమోజోములు ఉన్నాయని 1923లో కాథ్లీన్ బ్లాక్‌బర్న్, ఓయ్‌విండ్ వింగే విడివిడిగా చూపారు. గంజాయికి 20 క్రోమోజోములు; ఆడమొక్కలో ఎక్స్-ఎక్స్ జత, మగమొక్కలో ఎక్స్-వై జత ఉంటాయి. మగ పుప్పొడిలో సగం రేణువులు వై మోస్తాయి కాబట్టి మామూలు విత్తనంలో ఆడ, మగ చెరిసగం. పుప్పొడి కూడా ఆడమొక్కదే అయితే అందులో వై ఉండదు, పుట్టేవన్నీ ఆడవే. అయితే ఆడమొక్క చేత మగపూలు పూయించాలి. ఎలా?

సమాధానంలో పెద్ద భాగం ఢిల్లీ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. వృక్షశాస్త్రవేత్త హెచ్.వై. మోహన్‌రామ్, ఆయన సహచరుడు జైస్వాల్ 1970లో మగ గంజాయి మొక్కల మీద ఎథిలిన్ అనే హార్మోన్‌ను విడుదల చేసే రసాయనంతో ఆడపూలు తెప్పించారు. 1972లో జిబ్బరెల్లిన్ హార్మోన్లతో ఆడమొక్కల మీద మగపూలు వచ్చాయని ప్రకటించారు. వెండి అయాన్లు ఎథిలిన్ పనిని అడ్డుకుంటాయని 1976లో అమెరికాలో బేయర్ కనుగొన్నాడు. మోహన్‌రామ్, సెట్ కలిసి 1982లో ప్రచురించిన పరిశోధన ఈ రెండు దారులనూ కలిపింది. వెండి సమ్మేళనాల ప్రభావంతో, జన్యుపరంగా ఆడవైన మొక్కలు సారవంతమైన పుప్పొడినిచ్చే మగపూలు పూశాయి. మొక్కల్లో లింగాన్ని జన్యువులు నిర్ణయించినా హార్మోన్లు దాన్ని తిప్పగలవని ఇంత స్పష్టంగా చూపిన పని అరుదు. ఇది భారతీయ వృక్షశాస్త్రం గర్వంగా చెప్పుకోవాల్సిన ఘట్టం. తెలుగు పాఠ్యపుస్తకాల్లో దానికి ఒక పేరా దక్కాలి.

కూరగాయల రంగం మాత్రం అప్పటికే ముందుంది. ఆడపూలే పూసే కీరదోస రకాలమీద జిబ్బరెల్లిన్‌తో మగపూలు తెప్పించవచ్చని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్సన్ 1960లోనే చూపాడు. దాంతో ఆడ రకాన్ని దాని పుప్పొడితోనే నిలుపుకుంటూ, పిందె ఎక్కువ పట్టే హైబ్రిడ్లు తయారుచేయడం తేలికైంది.

గంజాయిలో ఆడ విత్తనాల వ్యాపారం 1990ల చివర నెదర్లాండ్స్‌లో ఊపందుకుంది. తొలినాళ్లలో వాటికి చెడ్డపేరు వచ్చింది. తనంతట తాను మగపూలు పూసే ఆడమొక్కనే తల్లిగా వాడితే ఆ గుణం పిల్లలకూ వస్తుంది, పొలమంతా గింజ పడుతుంది. ఎంత ఒత్తిడికీ మగపూలు వేయని మొక్కలను ఏరి, రసాయన ప్రేరణతో మాత్రమే పుప్పొడి తీయడం మొదలయ్యాక ఈ లోపం తగ్గింది. మరో లోపం మాత్రం మిగిలే ఉంది: తరతరాలుగా మగమొక్కలను పక్కనపెడితే జన్యు వైవిధ్యం కుంచించుకుపోతుంది.

అన్ని పంటలూ ఈ దారిలో నడవవు. ఆస్పరాగస్‌లో దిగుబడికి మగమొక్కలే మేలు. అక్కడ వై-వై జత ఉన్న మొక్కలను తండ్రులుగా వాడి అన్నీ మగవే వచ్చే విత్తనం తీస్తారు. బొప్పాయిలో అలాంటి జత బతకదు. అందుకే ద్విలింగ బొప్పాయి కాయలోని గింజల నుంచి మూడింట రెండు వంతులు ద్విలింగ మొక్కలు, ఒక వంతు ఆడమొక్కలు వస్తాయి. రైతు నాటేటప్పుడు ఏది ఏదో కంటితో చెప్పలేడు.

భారతదేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా గంజాయి మొక్క పెంచడం నేరం. నార, గింజల కోసం తక్కువ మత్తుగుణం గల రకాల సాగుకు ఉత్తరాఖండ్ వంటి రాష్ట్రాలు లైసెన్సులిస్తున్నాయి. కీరదోసకు ఈ అడ్డంకులేవీ లేవు. భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన పూసా గైనీషియస్ కీరదోస హైబ్రిడ్-18 ఆడపూల రకాల ఆధారంగా వచ్చినదే.